అవునా, కాదా? – చతుష్కోటి పాఠం



"మీరు బౌద్ధులు గదా, చనిపోయాక మనిషి ఉంటాడా, ఉండడా? ఒక్క ముక్కలో చెప్పండి" అని చుట్టాలు అడుగుతుంటారు. ఉంటాడంటే "మరి ఆత్మను ఒప్పుకున్నట్టే గదా" అంటారు. ఉండడంటే "అయితే మంచి చేసినా చెడు చేసినా ఒకటేనా" అంటారు. ఎటు చెప్పినా చిక్కే.

ఈ చిక్కు బుద్ధుడికీ ఎదురైంది. వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడు ఇలా అడిగాడు: విముక్తి పొందినవాడు మళ్ళీ పుడతాడా? పుట్టడా? పుడతాడు, పుట్టడు – రెండూనా? రెండూ కాదా? ఈ నాలుగు మూలలనే చతుష్కోటి అంటారు. నాలుగూ ఇక్కడ పొసగవన్నాడు బుద్ధుడు. వచ్ఛగోత్తుడు తికమకపడ్డాడు. అప్పుడు బుద్ధుడు ఎదురు ప్రశ్న వేశాడు: నీ ముందున్న మంట ఆరిపోతే అది ఏ దిక్కుకు పోయింది? తూర్పుకా, పడమరకా? ఏ దిక్కుకూ పోలేదు. కట్టెలు అయిపోయాయి, మంట ఆరింది. తప్పు జవాబులో లేదు, ప్రశ్నలోనే ఉంది.

తర్వాత ఆచార్య నాగార్జునుడు, మన నాగార్జునకొండ ఎవరి పేరుతో ఉందో ఆయన, ఈ పద్ధతినే తన మూలమధ్యమకకారికలో వాడాడు.

పడమటి దేశాల తర్కం చాలాకాలం నిజం, అబద్ధం అనే రెండింటితోనే నడిచింది. 1920లో పోలండుకు చెందిన లుకాసియెవిచ్ మూడో విలువ చేర్చాడు. రేపు జరగబోయే దాన్ని ఇప్పుడే నిజమనీ అనలేం, అబద్ధమనీ అనలేం గదా! 1977లో అమెరికా తార్కికుడు బెల్నాప్ కంప్యూటర్ల కోసం నాలుగు విలువలు చెప్పాడు. ఒక రిజిస్టరు అవునని, ఇంకోటి కాదని చెబితే "రెండూ". ఏదీ చెప్పకపోతే "ఏదీ కాదు". అయితే తేడా గమనించండి: బెల్నాప్ నాలుగింటిలో ఒకటి ఎంచుకోమంటాడు. వచ్ఛగోత్తుడి ప్రశ్నకు బుద్ధుడు నాలుగింటినీ పక్కన పెట్టాడు.

మరి ప్రతిదానికీ ఇలాగే తప్పించుకోవచ్చా? కూడదు. ప్రశ్నలు నాలుగు రకాలని బుద్ధుడు చెప్పాడు: సూటిగా జవాబు చెప్పాల్సినవి, విడదీసి చెప్పాల్సినవి, ఎదురు ప్రశ్నతో తేల్చాల్సినవి, పక్కన పెట్టాల్సినవి. మనిషి గొప్పతనం పుట్టుకతోనా, కర్మతోనా అని వాసెట్ఠుడు అడిగినప్పుడు బుద్ధుడు నాలుగు మూలలు తిరగలేదు. పుట్టుకతో కాదు, చేసే పనితోనే అని తేల్చేశాడు.

కాబట్టి ఉపాసక ఉపాసికలారా, "కులం ఉండాలా, వద్దా?" అంటే సూటిగా "వద్దు" అందాం. "ఆత్మ ఎక్కడికి పోతుంది?" అంటే మంట ఏ దిక్కుకు పోయిందో అడుగుదాం.

సాధన: ఈ వారం మిమ్మల్ని ఎవరైనా అడిగిన ఒక ప్రశ్న రాసుకోండి. అది ఆ నాలుగు రకాల్లో దేనికి చెందుతుందో విహారంలో కలిసి చర్చించండి.

భవతు సబ్బ మంగళం.