టపా, లేబుల్, పర్మాలింక్: ఏది ఏమిటి?

ప్రశ్న: ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాను. మా ఊరి చెరువులు, పంటల గురించి బ్లాగు రాయాలని ఉంది. డొమైన్, హోస్టింగ్, ట్యాగు, పర్మాలింక్ అంటున్నారు. ఒక్కటీ బోధపడడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: మాస్టారూ, ఈ మాటలన్నీ ఒక్కసారే మీద పడేసరికి తికమక పడ్డారు. మొదటిరోజు కావలసినవి రెండో మూడో.

మీరు రాసి పెట్టే ఒక్కో రచన పోస్టు. తెలుగు బ్లాగర్లు టపా అంటారు, నాకు ఆ మాటే ఇష్టం. పూర్తికానిది డ్రాఫ్టు, పబ్లిష్ నొక్కేదాకా పాఠకులకు కనబడదు. డొమైన్ ఇంటి చిరునామా, హోస్టింగ్ ఇల్లు నిలిచే స్థలం. గూగుల్ వారి బ్లాగర్ అనే సేవలో స్థలం ఉచితం, బ్లాగ్‌స్పాట్ అని చివర ఉండే చిరునామా కూడా ఉచితమే. ఇప్పుడే ఏదీ కొనకండి.

పర్మాలింక్ దగ్గర మాత్రం కాస్త ఆగండి. అది ఆ టపాకు శాశ్వత చిరునామా. బ్లాగర్‌లో శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే చిరునామాలో 'బ్లాగ్-పోస్ట్' అన్న మాటే పడుతుంది. పబ్లిష్ చేసే ముందే కుడివైపు సెట్టింగ్స్‌లో పర్మాలింక్ తెరిచి, 'మా-ఊరి-చెరువు' అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. తర్వాత మారిస్తే, మీరు అందరికీ పంపిన పాత లింకు పనిచేయదు.

ట్యాగు అంటే టపా దేని గురించో చెప్పే చీటీ, బ్లాగర్‌లో దాని పేరు లేబుల్. నాలుగైదు చాలు. ఒకసారి 'చెరువు', ఇంకోసారి 'చెరువులు' అని పెడితే టపాలు రెండు కుప్పలవుతాయి.

ఖాతా తెరుచుకోకపోయినా, రేపు కొనుక్కున్న డొమైన్ గడువు తీరి బ్లాగు మాయమైనా సొంత ప్రయోగాలు వద్దు. తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకోండి, లేదా డొమైన్ అమ్మిన సంస్థను నేరుగా అడగండి. పాస్‌వర్డు, ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకండి.