రాతి కట్టడము - గాలిలోని గొంతుక

తాను నివసించు నగరమును గూర్చి గర్వించుట మనుజునకు సహజము. అయితే ఆ గర్వము దేనిని ఆశ్రయించి నిలుచునో విచారించుట అవసరము. మధుర, కోయంబత్తూరు నగరములలో తరతరములుగా కాపురమున్న తెలుగువారికి ఈ విచారణ మఱింత అవసరమని మేము తలంచుచున్నాము.

మొదట మధురను చూతము. 1623 మొదలు 1659 వఱకు ఏలిన తిరుమల నాయకుడు కట్టించిన మహలు, పుదుమండపము, తెప్పకుళము నేటికిని ఆ నగరమునకు అలంకారములు. మహలులో చాలభాగము నశింపగా, మిగిలినదానిని 19వ శతాబ్దమున మద్రాసు గవర్నరు నేపియరు ప్రభువు బాగుచేయించెను. అదే శతాబ్దమున, 1840 ప్రాంతమున, కలెక్టరు బ్లాక్‌బర్న్ కోటగోడలను పడగొట్టించి, అగడ్తను పూడ్పించి, క్రొత్త వీధులు తీర్పించెను. నగరము కోటను కోల్పోయి వీధులను పొందినది. ఒక తరమువారికి నష్టముగా తోచినది తరువాతివారికి నిత్యము నడచు దారియైనది.

కోయంబత్తూరున 2025 అక్టోబరు 9వ తేదీన అవినాశి రోడ్డుమీద 10 కిలోమీటర్లకు పైబడిన వంతెన ప్రారంభమైనది. దానికి జి.డి. నాయుడుగారి పేరు పెట్టిరి. వీధుల పేర్లనుండి కులనామములను తొలగింపవలెనని ఉత్తర్వు వెలువడిన సమయముననే ఈ నామకరణము జరుగుటచే వాదోపవాదములు చెలరేగినవి. వాదమెట్లున్నను, కలంగల్ గ్రామమున 1893లో పుట్టిన ఆ మేధావిని పిల్లలు ఎఱుగవలెను. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని ఆయన 1941లో ప్రకటించెనని ప్రసిద్ధి.

రేడియో ప్రసక్తి వచ్చినది గనుక మఱియొక మాట. 1938 జూన్ 16వ తేదీన మద్రాసు ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైనది. అచటినుండి తమిళముతోపాటు తెలుగు కార్యక్రమములును వెలువడెడివి. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీనగాని రాలేదు. తమిళదేశమందలి తెలుగింటికి రేడియోపెట్టె ఒక బంధువువంటిది. నేడా పెట్టెచుట్టు ఇంటిల్లిపాది కూర్చుండుట అరుదైనది.

ఇది మనకు మాత్రమే కలిగిన అనుభవము గాదు. అమెరికాలోని బోస్టన్ నగరమున పాత స్కోలే స్క్వేరును పడగొట్టి కట్టిన నగరసభా భవనము 1968లో పూర్తియైనది. కొందరు దానిని నూతన శిల్పమని మెచ్చిరి. కొందరు కాంక్రీటు కుప్పయని ఈసడించిరి. ఆ 1968లోనే అచటి డబ్ల్యు.బి.సి.ఎన్. రేడియో రాక్ సంగీతము వినిపింప మొదలిడి యువజనుల ఆదరము చూఱగొన్నది. తుదకేమైనది? జనులు తిట్టిన భవనమునకు 2025లో రక్షిత కట్టడమను గౌరవము దక్కినది. జనులు ప్రేమించిన రేడియో 2009 ఆగస్టులో మూగవోయినది.

ఇందలి పాఠము స్పష్టము. రాయి తగవులకు తట్టుకొని నిలుచును. గొంతుక యట్లు నిలువదు. వినువారు లేనినాడు అది తగవు లేకుండనే ఆగిపోవును.

తెలుగుభాష మన మహలు గాదు, మన రేడియో. తమిళనాట 2006 నాటి చట్టము తమిళమును నిర్బంధపాఠ్యము చేసినది. మనకు అన్నము పెట్టు నేల భాషను నేర్చుట మన ధర్మము. అందు వివాదము లేదు. కాని తెలుగుభారము ఇంటిమీద మఱింత పడినది. మాటలాడ నేర్చియు అక్షరము చదువజాలని తెలుగువారు మన పేటలలో ఎందఱో కలరు.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. ప్రతి సాయంకాలము పావుగంట పిల్లలచేత తెలుగు చదివింపుడు. అవ్వ తాతల నోటి పాతమాటలను వారిచేత తెలుగక్షరములతో వ్రాయింపుడు. మన యింటి తెలుగు విజయవాడ తెలుగువలె లేదని సిగ్గుపడకుడు; ఆ మాటలలో మఱుగుపడిన పలుకుబడులెన్నియో దాగియున్నవి. మహలు చూపించునప్పుడు దాని కథను తెలుగున చెప్పుడు. పాఠశాల అక్షరము నేర్పగలదు. ఆ అక్షరమునకు ఊపిరి పోయవలసినవారు మీరే.