హ్యాష్ పంపారు సరే, మీరే తెరిచి చూశారా?

మన క్లబ్ పత్రికలో ఎక్కువగా కవితలు, కథలు వస్తాయి. నేను సీఎస్ఈ వాడిని, పైగా చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియం. అందుకే నాకు తెలిసిన విషయం నాకు వచ్చిన తెలుగులో రాస్తున్నా. విషయం పేరు బ్లాక్‌చెయిన్ ఎక్స్‌ప్లోరర్. క్రిప్టో కొనమని చెప్పడానికి కాదు ఇది. "డబ్బులు పంపాం, చూసుకో" అని ఎవరైనా అంటే అది నిజమో కాదో మనమే ఎలా చూసుకోవాలో చెప్పడానికి.

మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు. ఊరి పేరులో ప్రత్తి ఉన్నా మా బాబాయి వేసేది మిర్చి. పోయిన వేసవిలో ఏసీలో దాచిన టిక్కీలు గుంటూరు యార్డుకి తోలి అమ్మాడు. ఆ డబ్బులో 1,80,000 రూపాయలు ఫోన్‌లో పరిచయమైన ఒక గ్రూపు వాళ్ళు చెప్పిన "ట్రేడింగ్ యాప్"లో పెట్టాడు. నేరుగా రూపాయలు కాదు, యూఎస్‌డీటీ కొనిపించి వాళ్ళిచ్చిన అడ్రస్‌కి పంపించుకున్నారు. రెండు నెలల్లో యాప్‌లో బ్యాలెన్స్ రెట్టింపయింది. తీసుకుందామనేసరికి, "మీ విత్‌డ్రాయల్ పంపేశాం, నెట్‌వర్క్‌లో పెండింగ్‌లో ఉంది, 40,000 ట్యాక్స్ కడితే రిలీజ్ అవుతుంది" అన్నారు. రుజువుగా ఒక హ్యాష్, ఒక లింకు పంపారు.

సెలవులకి ఇంటికెళ్తే ఫోన్ నా చేతిలో పెట్టాడు. "ఒరే, నువ్వు చదివేది కంప్యూటర్లేగా. ఇది పడ్డట్టా, పడనట్టా?"

జవాబు చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలే ఈ పాఠం.

ఎక్స్‌ప్లోరర్ అంటే ఏంటి?

బ్లాక్‌చెయిన్ అంటే వేల కంప్యూటర్లలో ఒకేలా ఉండే లెక్కల పుస్తకం. ఎవరు ఎవరికి ఎంత పంపారో అందులో ఎక్కుతుంది, ఎక్కాక కొట్టివేతలుండవు. ఆ పుస్తకాన్ని మనం చదవగలిగేలా చూపించే వెబ్‌సైటే ఎక్స్‌ప్లోరర్. అందులో మన డబ్బు ఉండదు, లాగిన్ కూడా అక్కర్లేదు.

యార్డులో కాటా వేసేటప్పుడు రైతు పక్కనే నిలబడి అంకె చూసుకుంటాడు కదా. ఆ తర్వాత ఎవరో రాసిచ్చే చీటీ వేరు, కాటా మీద అంకె వేరు. స్క్రీన్‌షాట్ చీటీ లాంటిది. ఎక్స్‌ప్లోరర్ కాటా లాంటిది, కానీ మనమే వెళ్ళి చూడాలి.

ముందు నెట్‌వర్క్ తెలుసుకోవాలి

బిట్‌కాయిన్‌కి మెంపూల్ డాట్ స్పేస్, ఈథీరియమ్‌కి ఈథర్‌స్కాన్ డాట్ ఐఓ, ట్రాన్‌కి ట్రాన్‌స్కాన్ డాట్ ఆర్గ్ బాగా తెలిసిన ఎక్స్‌ప్లోరర్లు. ఒకే యూఎస్‌డీటీ చాలా నెట్‌వర్క్‌ల మీద తిరుగుతుంది. ట్రాన్ మీద జరిగింది ఈథర్‌స్కాన్‌లో వెతికితే దొరకదు, దానికి కంగారు పడకూడదు. అడ్రస్ చూస్తే కొంత తెలుస్తుంది. ట్రాన్ అడ్రస్ "టీ" అక్షరంతో మొదలై 34 అక్షరాలుంటుంది. ఈథీరియమ్‌ది "సున్నా ఎక్స్" తర్వాత 40 అక్షరాలు. అయితే ఈథీరియమ్ తరహా అడ్రసే వాడే నెట్‌వర్క్‌లు ఇంకా ఉన్నాయి, కాబట్టి "ఏ నెట్‌వర్క్?" అని అడగడమే మంచిది.

మొదటి మెట్టు: సైట్ మీరే తెరవండి

బాబాయికి వచ్చిన లింకు నొక్కితే పేజీ అచ్చం ట్రాన్‌స్కాన్ లాగే ఉంది. అదే రంగు, అదే లోగో, "పెండింగ్" అని పెద్ద అక్షరాలు. కానీ పైన సైట్ పేరులో ఒక అక్షరం ఎక్కువుంది. నేను ఆ పేజీ మూసేసి, అసలు ట్రాన్‌స్కాన్ పేరు టైప్ చేసి తెరిచి, అదే హ్యాష్ అక్కడ పేస్ట్ చేశా. అలాంటి ట్రాన్సాక్షనే లేదు. నెట్‌వర్క్ తేడా ఏమోనని ఈథర్‌స్కాన్‌లోనూ చూశా. అక్కడా లేదు.

నిజంగా పెండింగ్ అయి ఉండొచ్చు కదా అని మీకు డౌట్ రావచ్చు. ట్రాన్‌లో సుమారు 3 సెకన్లకొక బ్లాక్ వస్తుంది, ఈథీరియమ్‌లో 12 సెకన్లకొకటి, బిట్‌కాయిన్‌లో సగటున 10 నిమిషాలకొకటి. బిట్‌కాయిన్‌లో రద్దీ ఉంటే గంటలు పట్టొచ్చు, కానీ అప్పుడు కూడా అది ఎక్స్‌ప్లోరర్‌లో మామూలుగా "కన్ఫర్మ్ కాలేదు" అని కనిపిస్తుంది. ట్రాన్‌లో మూడు రోజులు పెండింగ్ అనేది కుదరని మాట. నెట్‌వర్క్ ఫీజు కూడా పంపేటప్పుడు పంపేవాళ్ళ వైపే తెగిపోతుంది. తీసుకునేవాళ్ళు ట్యాక్స్ కడితే "రిలీజ్" చేసే మీట ఏ బ్లాక్‌చెయిన్‌లోనూ లేదు.

రెండో మెట్టు: పేజీలో ఏం చదవాలి?

హ్యాష్ దొరికితే ఈ ఐదూ చూడండి.

1. స్టేటస్: సక్సెస్ అని ఉందా, ఫెయిల్ అని ఉందా. ఫెయిల్ అయినవి కూడా పుస్తకంలో ఎక్కుతాయి. "హ్యాష్ ఉంది కదా" అంటే సరిపోదు.

2. టైమ్: వాళ్ళు చెప్పిన రోజుతో కలిసిందా. వేరే ఎవరిదో పాత హ్యాష్ అంటగట్టడం సులువు.

3. ఎవరికి వెళ్ళింది: అది మీ అడ్రసేనా. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూసి వదిలేయొద్దు, మొత్తం చూడండి. మనం అంతకుముందు పంపిన అడ్రస్‌లా మొదలూ చివరా కలిసే అడ్రస్ తయారుచేసి, దాన్నుంచి మన హిస్టరీలోకి చిన్న ట్రాన్సాక్షన్ వదులుతారు, మనం పొరపాటున దాన్నే కాపీ చేసుకుంటామని. 2024 మేలో ఒకరు ఇలాగే 1,155 ర్యాప్డ్ బిట్‌కాయిన్, అంటే అప్పటి ధరకి సుమారు 6.8 కోట్ల డాలర్లు, తప్పు అడ్రస్‌కి పంపేశారు. ఆయన అదృష్టం, చాలా వరకు తిరిగొచ్చింది. అందరికీ రాదు.

4. ఏ టోకెన్: యూఎస్‌డీటీ అనే పేరు ఎవరైనా తమ టోకెన్‌కి పెట్టుకోవచ్చు. పేరు మీద నొక్కితే కాంట్రాక్ట్ అడ్రస్ వస్తుంది. ఆ టోకెన్ విడుదల చేసిన కంపెనీ తన సొంత సైట్‌లో ఇచ్చిన కాంట్రాక్ట్‌తో అది కలవాలి.

5. కన్ఫర్మేషన్లు: మన బ్లాక్ మీద ఇంకెన్ని బ్లాకులు పేరుకున్నాయో ఆ లెక్క. బిట్‌కాయిన్‌లో పెద్ద మొత్తానికి 6 వరకు ఆగడం అలవాటు.

తర్వాత బాబాయి మొదట పంపిన డబ్బు సంగతి చూశా. కొన్న యాప్ హిస్టరీలో అసలు హ్యాష్ ఉంది. ఇది మాత్రం ట్రాన్‌స్కాన్‌లో దొరికింది. సక్సెస్. వెళ్ళిన అడ్రస్ మీద నొక్కితే, కొద్ది నిమిషాల్లోనే ఆ డబ్బు ఇంకో అడ్రస్‌కి పోయింది. అక్కడికి ఇంకా చాలా అడ్రస్‌ల నుంచి డబ్బులు వచ్చి కలుస్తున్నాయి. ఇది ఒక్కటే మోసానికి రుజువు కాదు, మంచి ఎక్స్‌చేంజ్‌లు కూడా డిపాజిట్లను ఒకచోటికి చేర్చుకుంటాయి. కానీ దొంగ పేజీ, లేని హ్యాష్, పైన ట్యాక్స్ అడగడం... అన్నీ కలిపి చూస్తే ఇంకేం మిగల్లేదు.

"అంటే యాప్‌లో ఆ లాభం?"

"వాళ్ళు రాసుకున్న అంకె, బాబాయ్."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఎక్స్‌ప్లోరర్ చెప్పనివి

2010 మే 22న ఫ్లోరిడాలో ఒక ప్రోగ్రామర్ రెండు పిజ్జాలకు 10,000 బిట్‌కాయిన్ ఇచ్చాడు. ఆ ట్రాన్సాక్షన్ 57043వ బ్లాక్‌లో ఇప్పటికీ ఉంది. కానీ ఆ లెక్కలో పిజ్జా అనే మాట ఎక్కడా ఉండదు. ఎంత కదిలిందో ఉంటుంది, ఎందుకు అన్నది ఉండదు. అడ్రస్ ఉంటుంది, ఆ వెనక మనిషి పేరు ఉండదు.

మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2017లో భూమి రికార్డులకు బ్లాక్‌చెయిన్ వాడి చూద్దామని స్వీడన్ కంపెనీ క్రోమావేతో కలిసింది. అక్కడా ఇదే సంగతి. రికార్డులోకి తప్పు పేరు ఎక్కిస్తే బ్లాక్‌చెయిన్ ఆ తప్పు పేరునే భద్రంగా దాస్తుంది.

ఇంకోటి, చూడగలగడం వేరు, తిరిగి తెచ్చుకోగలగడం వేరు. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దొంగిలించారు. అది ఏయే అడ్రస్‌లకు పోతోందో ఈథర్‌స్కాన్‌లో అందరూ చూశారు. చూసినంత మాత్రాన ఆపలేకపోయారు.

జాగ్రత్తలు

చూడటానికి మీ వాలెట్ కనెక్ట్ చేయక్కర్లేదు. 12 లేదా 24 మాటల సీడ్ ఫ్రేజ్ ఏ ఎక్స్‌ప్లోరరూ అడగదు, అడిగిందంటే అది దొంగ పేజీ. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటన లింకులు నొక్కొద్దు. అడగకుండా మీ వాలెట్‌లో పడిన టోకెన్ పేరులో వెబ్‌సైట్ ఉంటే అటు పోవద్దు. మీ అడ్రస్‌ని మీ పేరుతో బయట పెట్టొద్దు, బ్యాలెన్స్ మొత్తం ఊరంతా చూస్తుంది.

ట్యాక్స్ గురించి కూడా చెప్పాలి. మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది, 2022 జులై 1 నుంచి 1 శాతం టీడీఎస్ ఉంది. టీడీఎస్ అమ్మేటప్పుడు అందులోంచే కోసి మన పాన్ మీద జమ చేస్తారు. ముక్కూ మొహం తెలియని అడ్రస్‌కి యూఎస్‌డీటీలో కట్టే ఆదాయపు పన్ను లేదు.

ఇప్పటికే పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. స్క్రీన్‌షాట్లతో పాటు హ్యాష్‌లు, అడ్రస్‌లు అక్షరాలుగా కాపీ చేసి ఇవ్వండి, అప్పుడే అవతలివాళ్ళు వెతకగలరు. ఆ తర్వాత "మీ డబ్బు రికవరీ చేసిపెడతాం, ముందు ఫీజు కట్టండి" అనేవాళ్ళు వస్తారు. అది రెండో మోసం.

బాబాయి ఆ 40,000 కట్టలేదు. ఆ సాయంత్రమే పిన్నికి చెప్పాడు, 1930కి ఫోన్ కూడా చేశాడు. 1,80,000 ఇంకా రాలేదు, వస్తుందని నేను ఆయనకి మాటివ్వలేదు. మా వీధిలోనే ఇంకో ఇద్దరు అదే గ్రూపులో ఉన్నారని ఆ రాత్రి తెలిసింది. పొద్దున్నే వాళ్ళిళ్ళకి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, తన ఫోన్‌లో రెండు పేజీలూ పక్కపక్కన తనే తెరిచి చూపించాడు.

మీకు చిన్న హోమ్‌వర్క్. ఇవాళ మెంపూల్ డాట్ స్పేస్ మీరే టైప్ చేసి తెరవండి. 57043 అని కొట్టి, పిజ్జాల ట్రాన్సాక్షన్ వెతకండి. ఒక్క రూపాయి ఖర్చు లేదు. చేతికి అలవాటయ్యాక, ఈసారి ఇంటికెళ్ళినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్ వాళ్ళ చేతికే ఇచ్చి తెరిపించండి.