పరీక్ష తప్పిన మరునాడు

కృష్ణా డెల్టా దిగువ భాగమున, మొవ్వ, పామర్రు, బందరు, అవనిగడ్డ ప్రాంతములలో, పరీక్షల కాలమునకు పంటల కాలముతో ఒక పొత్తు కలదు. వరి కోతకు ముందే చేలో చల్లిన మినుము ఫిబ్రవరి, మార్చి నెలలలో చేతికి వచ్చును. ఇంటర్మీడియట్ పరీక్షలు సాధారణముగా ఆ రోజులలోనే జరుగును. ఫలితములు ఏప్రిల్‌లో వెలువడును. తొలకరిలో కాలువలకు నీరు వదలగానే నారుమడి, దమ్ము, ఎరువుల ఖర్చులు రైతు నెత్తిన పడును. కళాశాలలో కట్టవలసిన మొదటి వాయిదా కూడ ఆ రోజులలోనే వచ్చి నిలుచును. కౌలు రైతు ఇంటిలోనే కాదు, బందరులో రోల్డుగోల్డు పని చేయువారి ఇంటిలోను, పెడనలో అద్దకపు బల్ల ముందు రోజంతయు నిలుచువారి ఇంటిలోను ఇదే లెక్క. కనుక మన తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదని ఎవరైన అన్నచో మేము ఒప్పుకొనజాలము. రూపాయి రూపాయిగా దాని విలువ వారికి తెలియును. తెలియవలసినది మరొకటి ఉన్నది. దానిని గూర్చియే ఈ వ్యాసము.

పదునెనిమిదేండ్ల కుమారునికో కుమార్తెకో చదువులో తల్లిదండ్రులు చేయగల సాయమేమి? పాఠము చెప్పుట కాదు. మన కళాశాలకు వచ్చు విద్యార్థులలో అనేకుల ఇండ్లలో మాట ఉర్దూ, బజారులో తెలుగు, పుస్తకములో ఇంగ్లీషు. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమములో చదివి, ఒక్క వేసవి గడచునప్పటికి భౌతికశాస్త్రమును ఇంగ్లీషులో చదువవలసి వచ్చిన పిల్లలను మేము ప్రతి సంవత్సరము చూచుచున్నాము. అట్టి ఇంటిలో తండ్రి పుస్తకము తెరచి ప్రశ్నలడుగలేడు. అడుగనక్కరలేదు కూడ. నిశ్శబ్దముగా రెండు గంటలు కూర్చుండు చోటు, వేళకు అన్నము, పరీక్షల పదిహేను రోజులు చేను పనికి పిలువకుండుట, ఈ మూడును చదువు రాని తల్లియైనను ఇయ్యగలది. చాలమంది ఇచ్చుచున్నారు. 2024లో రంజాను మార్చి 12న మొదలై పరీక్షల చివరి రోజులలో కలిసినది. 2025లో మార్చి 2న మొదలై ఇంచుమించు పరీక్షలన్నిటితోను నడచినది. సహరీకి లేచి, మరల గంటసేపు చదివి, ఉదయము పరీక్షకు పోవు పిల్లవానికి నిద్ర ఎక్కడ దొరకునో లెక్క వేసి ఇంటి గడియారమునే మార్చిన తల్లులున్నారు. చాంద్రమానము వలన ఈ మాసము ఏటేట పదునొకండు రోజులు వెనుకకు జరుగును గనుక ఒకసారి మార్చి పరీక్షలను దాటిపోయిన పిదప మరల వానితో ఇట్లు కలియుటకు ఇంచుమించు మూడు దశాబ్దములు పట్టును. ఆ నాటికి ఈ పిల్లలే తల్లిదండ్రులై ఉందురు.

పరీక్షకు ముందు జరుగు సేవలో మనవారు లోపము చేయుట లేదు. చిక్కంతయు పరీక్ష తరువాతనే.

ఫలితములు వెలువడిన నాడు ఇంటిలో ఏమి జరుగునో ఆలోచింతము. ఫోనులో నెంబరు కొట్టగానే ఒక్క మాట కనబడును. ఆ మాట 'ఫెయిల్' అయినచో, ఆ క్షణమున ఆ ఇంటిలో ఎవరికిని తరువాతి మెట్టు ఏమిటో తెలియదు. తెలియకపోవుటయే భయమునకు మూలము. తండ్రి కోపము కూడ చాలవరకు భయమే. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చిన పిదప ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొన్నారు. మార్కుల నమోదులో తప్పులు దొర్లినవని ఆందోళన చెలరేగి, విచారణ సంఘము ఏర్పడి, తప్పిన విద్యార్థులందరి జవాబు పత్రములను రుసుము లేకుండ తిరిగి పరిశీలింపవలెనని ప్రభుత్వము ఆదేశించినది. ఆ పరిశీలన వలన కొందరు ఉత్తీర్ణులైనారు కూడ. కాగితము మీది అంకె తిరిగి చూడదగినదే. పోయిన ప్రాణము తిరిగి రాదు. పిల్లవాడు మాట తగ్గించి, అన్నము మాని, ఒంటరిగా కూర్చుండుట చూచినచో దానిని మొండితనమని కొట్టివేయరాదు. అతనిని ఒంటరిగా విడువక దగ్గర కూర్చుండవలెను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ అను ఉచిత సేవకు 14416 నెంబరుకు ఏ వేళనైన ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

ఇక తరువాతి మెట్టు సంగతి. వెనుకటి తరమువారికి పరీక్ష తప్పుటయనగా ఏడాది పోవుటయే. మార్చిలో తప్పినవాడు సెప్టెంబరు పరీక్ష కొరకు వేచియుండవలెను. అప్పటికి కళాశాలలన్నియు నిండిపోయి ఉండును. ఆ జ్ఞాపకము తండ్రుల మనస్సులలో ఇంకను ఉన్నది. కాని పద్ధతి మారినది. ఇప్పుడు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు మే, జూన్ నెలలలోనే జరుగుచున్నవి. అందులో గట్టెక్కినవాడు ఆ సంవత్సరమే డిగ్రీలో చేరవచ్చును. మార్కులు తక్కువ వచ్చినవని తోచినచో రీకౌంటింగు అనగా మార్కులను మరల కూడుట. రీవెరిఫికేషను అనగా దిద్దక విడిచిన జవాబులున్నవేమో చూచుట, దీనితో జవాబు పత్రపు నకలు కూడ ఇచ్చెదరు. మొదటి సంవత్సరము ఉత్తీర్ణుడైనవాడును మార్కులు పెంచుకొనుటకు మరల వ్రాయవచ్చును. వీటన్నిటికి గడువు ఫలితములు వచ్చిన తరువాత కొద్ది రోజులు మాత్రమే. ఆ కొద్ది రోజులు ఇంటిలో ఏడుపులతోను, బంధువుల పరామర్శలతోను గడచిపోవుట మేము చూచినాము. రుసుము కట్టుటకు పోయినప్పటికి గడువు దాటి ఉండును. డిగ్రీలో చిక్కు ఇంకను తక్కువ. సెమిస్టరు పద్ధతిలో ఒక పేపరు తప్పినవాడు ఆ పేపరు మాత్రమే మరల వ్రాసుకొనును. ఈ సంగతి తెలియక కొడుకును చదువు మాన్పించి దుకాణములో కూర్చుండబెట్టిన ఇండ్లు కలవు.

మన పొరుగున గోదావరి డెల్టాలో భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి చరిత్ర ఇక్కడ స్మరింపదగినది. ఆయన మెట్రిక్యులేషనులో ఉత్తీర్ణులైనది మూడవ ప్రయత్నములో. బాల్యమున ఇంటిలో మరణములు, లేమి, చదువు మీద నిలువని మనస్సు, అన్నియు ఉండెను. యౌవనమున మనస్సు సన్యాసము వైపు మరలగా తల్లి వెంకమ్మ గారు అంగీకరింపలేదు. ఒక దారికి ఆమె అడ్డు నిలిచినది. చదువు దారికి మాత్రము మూడవ ప్రయత్నము దాక అండగా నిలిచినది. అడ్డు నిలిచిన మాటను మేము దాచుట లేదు. పిల్లలు కోరినదెల్ల సరేయనుట మాత్రమే సహాయమను అభిప్రాయము మాకు లేదు. తరువాత మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. కాక, దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడినారు. అది రెండవ దెబ్బ. అయినను మామగారి ఆర్థిక సహాయముతో 1922లో అమెరికా చేరి, స్ప్రూ అను వ్యాధికి మందుగా పనిచేయు ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారు చేసిన బృందమునకు నాయకత్వము వహించినారు. ఆయన సోదరులిద్దరిని కొద్ది రోజుల వ్యవధిలో బలిగొన్న వ్యాధి అదే. మూడవ మారు పరీక్షకు కూర్చుండనీయని ఇల్లైనచో ఆ మందు ఎవరి చేతి మీదుగా వచ్చి ఉండెడిదో చెప్పలేము.

అబ్దుల్ కలాం గారి సంగతి మన విద్యార్థులకు కొత్త కాదు. మద్రాసులో ఇంజనీరింగు ప్రవేశమునకు కావలసిన వేయి రూపాయల కొరకు అక్క జొహరా తన గాజులు, గొలుసు కుదువ పెట్టినదన్నది అందరు చెప్పుకొందురు. దానికన్న తక్కువగా చెప్పుకొనునది మరొకటి. వైమానిక దళములో చేరుటకు డెహరాడూనులో జరిగిన ఎంపికలో ఎనిమిది స్థానములుండగా ఆయన తొమ్మిదవవాడు. ఇరువదియైదుగురిలో తొమ్మిదవవాడగుట ఓటమి యేమియు కాదు. కాని సీటు రాలేదు. మన పిల్లలలో అనేకుల పరిస్థితి ఇదియే. 2024లో దేశమంతటను నీట్ పరీక్ష వ్రాసినవారు 23 లక్షలకు పైన, ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు కొంచెము మించి. ఇరువదిమందిలో ఒక్కరికి సీటు దొరకు పరీక్షలో పందొమ్మిదిమందిని తెలివి తక్కువవారనుట న్యాయమా? 2023లో మన బందరులోనే 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. అది సంతోషమే. కాని కళాశాల ఇంటికి దగ్గరైనంత మాత్రమున సీటు దగ్గరైనదను భ్రమ కొన్ని ఇండ్లలో కలిగినది.

దీని నుండియే కోర్సు ఎన్నిక ప్రశ్న పుట్టుచున్నది. పదవ తరగతి కాగానే ఎం.పి.సి., బై.పి.సి. తప్ప మూడవదానిని మనవారు గ్రూపుగానే ఎంచుట లేదు. లెక్కలు రాని పిల్లవానిని విజయవాడ హాస్టలుకు పంపి, రెండేండ్ల ఫీజు కొరకు అరయెకరము తాకట్టు పెట్టి, తరువాత ఆ తాకట్టును రోజుకొకసారి అతనికి గుర్తు చేయుట సాయము కాదు, వడ్డీ వసూలు. అప్పు సంగతి పిల్లలకు తెలియవలసినదే, దాచనక్కరలేదు. అది చదువు ఎన్నుకొనక ముందు ఒక్కసారి కూర్చుండి, ఇంత కలదు, ఇంతవరకు పెట్టగలము అని చెప్పవలసిన మాట. తరువాత చెప్పినచో అది దెప్పిపొడుపే.

మొవ్వ మండలములోని భట్లపెనుమర్రులో 1876లో జన్మించిన పింగళి వెంకయ్య గారిని జెండా రూపశిల్పిగా ఎరుగుదుము. ఆయనకు ఊరివారు పెట్టిన పేర్లు మరికొన్ని కలవు: జపాను వెంకయ్య, పత్తి వెంకయ్య, డైమండ్ వెంకయ్య. భాష, వ్యవసాయము, భూగర్భశాస్త్రము, ఇన్ని దారులు త్రొక్కి, బందరు జాతీయ కళాశాలలో బోధించినారు. ఆ కళాశాలను 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు స్థాపించినది పరీక్షల చదువు ఒక్కటే చాలదను తలంపుతోనే. నేత, వడ్రంగము, చిత్రలేఖనము అక్కడ చదువులో భాగములు. ఒక మనిషికి ఒకే కోర్సు, అది కూడ పదునారేండ్ల వయస్సున తండ్రి నిశ్చయించినది అను నియమము మన జిల్లా చరిత్రలో ఎక్కడను కానరాదు.

ఇప్పుడు చెప్పబోవు మాట కొందరికి రుచింపకపోవచ్చును. పైన చెప్పిన రెండవ ప్రయత్నము మన ఇండ్లలో మగపిల్లలకే దక్కుచున్నది. కుమారుడు తప్పినచో కోచింగు; కుమార్తె తప్పినచో పెండ్లి సంబంధము. అందుచేత ఒకే గదిలో ఒకే ప్రశ్నపత్రము వ్రాయుచున్నట్లు కనబడినను, ఆ ఇద్దరు వ్రాయుచున్నది ఒకే పరీక్ష కాదు. బాలుడు మార్కుల కొరకు వ్రాయుచున్నాడు. బాలిక తన చదువు నిలుచునా లేదా అను తీర్పు కొరకు వ్రాయుచున్నది. ఆ బరువుతో కూర్చున్న పిల్లకు తెలిసిన జవాబు కూడ తోచదు. 'పరీక్ష ఎట్లయినను నీ చదువు ఆగదు' అను మాట తండ్రి నోట ఫిబ్రవరిలోనే వచ్చినచో, అది ఏ ట్యూషనుకును తీసిపోదు. ఫలితములు వచ్చిన పిదప చెప్పు ఓదార్పునకు అంత బలము లేదు. బస్సు ప్రయాణము, ఊరి మాటలు, ఆలస్యమైన వయస్సు, ఈ భయములను మేము తేలికగా తీసివేయుట లేదు. పామర్రులో బస్సు మారి చీకటి పడిన తరువాత ఇల్లు చేరు పిల్ల కొరకు వాకిట నిలుచు తల్లి భయము నిజమైనదే. దానికి ఉపాయము నలుగురు పిల్లలను ఒక జట్టుగా పంపుట, మాన్పించుట కాదు.

కమిటీ పెద్దలకు ఒక విన్నపము. మన తల్లిదండ్రులకు కొరవడినది ప్రేమ కాదు, సమాచారము. సప్లిమెంటరీ ఎప్పుడు, రీవెరిఫికేషనుకు ఎక్కడ కట్టవలెను, ఈఏపీసెట్ కౌన్సెలింగునకు ఏ పత్రములు కావలెను, వెనుకబడిన ముస్లిం వర్గములకు 2007 చట్టము ద్వారా కల్పించిన 4 శాతము రిజర్వేషనుకు కుల ధ్రువపత్రము, ఫీజు సహాయమునకు ఆదాయ ధ్రువపత్రము ముందే ఎట్లు తీసికొనవలెను, ఈ సంగతులు ఒకే కాగితము మీద ఒక ప్రక్క ఉర్దూలో, మరొక ప్రక్క తెలుగులో అచ్చు వేయించి ఇంటింటికి చేర్చవచ్చును. ఫలితములు వచ్చిన వారము కళాశాలలో ఒక గది ఉదయము నుండి సాయంకాలము వరకు తెరచి యుంచి, రెండు భాషలు తెలిసిన అధ్యాపకులు ఇద్దరు వంతులవారీగా అక్కడ కూర్చుండవచ్చును. ఉత్తీర్ణులైనవారి తల్లిదండ్రులు ఎట్లును మిఠాయితో వత్తురు. తప్పినవారి తల్లిదండ్రులు మాత్రము పిలువనిదే రారు గనుక, ఆ ఇండ్లకు ఆ రోజే ఫోను చేయు పని ఒకరికి అప్పగింపవలెను. ఖర్చు స్వల్పము. ఫిబ్రవరిలో హాల్ టిక్కెట్లు పంచులోగా కమిటీ తీర్మానము చేయగలిగినచో, ఆ కాగితమును హాల్ టిక్కెట్టుతో పాటు విద్యార్థి చేతికే ఇచ్చి పంపవచ్చును.