ఇంటి నుండి ఉద్యోగం – ఊరి వ్యాపారం – మన ఋణం



పుదుచ్చేరి నుండి కడలూరు వెళ్లే దారిలో, అరియాంకుప్పం వద్ద నదీతీరాన అరికమేడు ఉన్నది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ జరిపించిన త్రవ్వకాలలో రోమన్ వర్తకానికి సాక్ష్యమైన మట్టిపాత్రలు లభించాయి. ఒకప్పుడు పూసల తయారీకి పేరొందిన ఆ రేవులో నేడు మిగిలినవి శిథిలాలే. పని ఎక్కడుంటే అంగడి అక్కడ ఉంటుంది. పని తరలితే అంగడీ తరలుతుంది. శాశ్వతంగా ఇంటి నుండి చేసే ఉద్యోగాలకు కూడ ఈ సూత్రం వర్తిస్తుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు హైదరాబాదులోని మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల ఉద్యోగులు అనేకులు స్వస్థలాలకు చేరారు. ఫలహారశాలలు, హాస్టళ్లు, అద్దె కార్లు నడిపేవారు ఆదాయం కోల్పోయారు. ఆ సంవత్సరం ఆగస్టు 31 వరకు వాయిదాలపై మారటోరియం ఇచ్చేందుకు రిజర్వు బ్యాంకు అనుమతించింది. అయితే వాయిదా ఆగినా వడ్డీ ఆగలేదు.

మరి నగరం కోల్పోయిన సొమ్మంతా పల్లెకు వచ్చిందా? రాలేదు. ఉదాహరణకు, ఒక టిఫిన్ బండి వద్ద 100 మంది రోజుకు 40 రూపాయల చొప్పున నెలకు 22 రోజులు తింటే అమ్మకం 88,000 రూపాయలు. వారే స్వగ్రామంలో ఇంట భోజనం చేస్తారు. కనుక అందులో కొంత మాత్రమే పాలు, కూరగాయలు, కిరాణా సరుకులకు చేరుతుంది. నగరంలో కట్టే అద్దె పొదుపుగానో, ఇంటి మరమ్మతుగానో మారుతుంది. అందుచేత లాభం పాడి రైతుకు, కిరాణా వర్తకునికి, ఇన్వర్టర్ల డీలరుకు ఎక్కువ, హోటలుకు తక్కువ.

ఈ గిరాకీ ఎంతకాలం నిలుస్తుందన్నది ముఖ్యమైన ప్రశ్న. 2022 జూలైలో ప్రత్యేక ఆర్థిక మండలాలలో గరిష్ఠంగా సగం మంది ఉద్యోగులు ఏడాదిపాటు ఇంటి నుండి పనిచేసేందుకు కేంద్ర ప్రభుత్వం అవకాశమిచ్చింది. కాని 2023లో టి.సి.ఎస్. తన ఉద్యోగులను వారానికి ఐదు రోజులూ కార్యాలయానికి రమ్మన్నది. నిర్ణయం యజమానిది, దాని ఫలితం మాత్రం మీ దుకాణానిది.

కావున ఋణం తీసుకొనే ముందు ఇలా లెక్క వేసుకొనండి. దుకాణం ఖర్చులు పోను నెలకు 30,000 రూపాయలు మిగులుతున్నాయనుకుందాం. ఇంటి ఖర్చు 14,000, బ్యాంకు వాయిదా 12,000 పోగా చేతిలో 4,000 ఉంటుంది. ఉద్యోగులు కొందరు నగరానికి తిరిగి వెళ్లి, మిగులు 20,000కు తగ్గితే వాయిదాకు దొరికేది 6,000 మాత్రమే. అటువంటప్పుడు 6,000 వాయిదాకు సరిపడే ఋణమే మీకు క్షేమం.

సరుకు నిల్వ పెంచదలచిన డీలర్లు క్యాష్ క్రెడిట్ పరిమితిని కోరవచ్చు; అమ్మకాలు తగ్గితే బాకీనీ తగ్గించుకొనవచ్చు. అద్దె గదుల నిర్మాణానికి దీర్ఘకాలిక ఋణం కోరేవారు మాత్రం, ఈ ఉద్యోగులు లేకపోయినా ఆ గదులలో ఎవరు ఉంటారో ముందుగా ఆలోచించాలి. దానికి మీ వద్ద సమాధానముంటే నిస్సంకోచంగా బ్యాంకుకు రండి. లేనిచో మరికొంతకాలం వేచి ఉండడమే మేలు.