వస పోస్తే మాటలొస్తాయా?

ఆటిజం థెరపీల గురించి పాఠకులు పంపిన సందేహాలకు పిల్లల ఎదుగుదల నిపుణుల సమాధానాలు

ప్రశ్న: మా బాబుకు రెండున్నరేళ్ళు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. బొమ్మ కారు తిరగేసి చక్రాలు తిప్పుకుంటూ కూర్చుంటాడు. డాక్టరుగారు ఆటిజం అన్నారు. వస పోస్తే మాటలు అవే వస్తాయంటున్నారు మా అత్తగారు. వాడి చేతికి ఫోనిచ్చి వంట చేసుకున్నందుకే ఇలా అయిందా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపండమ్మా. ఆటిజం అంటే మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా. అందులో జన్యువుల పాత్రే ఎక్కువ, పెంపకంలో లోపం వల్ల వచ్చేది కాదు. తల్లి ప్రేమ చాలకే ఇలా అవుతుందని ఒకప్పుడు విదేశాల్లో పెద్ద డాక్టర్లే రాశారు. ఎందరో తల్లుల్ని ఏడిపించాక గానీ ఆ మాట మూలపడలేదు. ఫోన్ తగ్గిస్తే మీతో ఆడుకునే సమయం పెరుగుతుంది, ఆ మేరకు మంచిదే.

వస మాత్రం వద్దు. దాన్ని ఆహారంలో కలపడాన్ని అమెరికాలో 1968లోనే నిషేధించారు. అత్తగారికి వేరే పని అప్పగించండి. చెమ్మచెక్క ఆడిస్తూ మధ్యలో చేతులు ఆపి, బాబు కళ్ళెత్తి చూసేదాకా ఆగి, చూడగానే మళ్ళీ మొదలుపెట్టమనండి. థెరపీ గదిలో మేం చేసేదీ దాదాపు ఇదే. జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డీఈఐసీ కేంద్రం ఉంటుంది, అక్కడికి వెళ్ళి వినికిడికి బెరా పరీక్ష కూడా చేయించండి. వచ్చిన మాటలు పోయినా, ఫిట్స్ లాంటివి కనిపించినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. పాపకు నాలుగేళ్ళు, ఆటిజం ఉంది. రెండు భాషలైతే తికమక పడుతుందట, ఇంట్లో తెలుగు మానేయమన్నారు. అమ్మమ్మకు ఇంగ్లిష్ రాదు.
- ఒక తండ్రి

జవాబు: తెలుగు మానకండి. రెండు భాషల ఇళ్ళలో పెరిగే ఆటిజం పిల్లలకు అందువల్ల మాటలు మరింత ఆలస్యమవుతాయని పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు. మీకు అలవాటు లేని భాషలో మీరు ముక్తసరిగా మాట్లాడితేనే పాపకు నష్టం. వీడియో కాల్‌లో అమ్మమ్మ పాపతో తెలుగులోనే కబుర్లు చెప్పనివ్వండి.

ప్రశ్న: అయిదేళ్ళ మా వాడికి కావలసింది అడగడానికి థెరపీలో బొమ్మల కార్డులు అలవాటు చేస్తున్నారు. అంటే ఇక మాటలు రావని తేల్చేసినట్టేనా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: కాదమ్మా, ఈ భయం దాదాపు ప్రతి తల్లికీ ఉంటుంది. కార్డులు మాటకు అడ్డురావు, కొందరికి అవే దారి చూపిస్తాయి. గ్లాసు బొమ్మ మీ చేతిలో పెట్టగానే 'నీళ్ళు' అని ఒక్క మాట అని, వెంటనే నీళ్ళివ్వండి. నోటితో అడిగితేనే ఇస్తానని మాత్రం పంతం పట్టకండి. కార్డులు వాడికి అందే ఎత్తులో ఉండాలి. బీరువాలో భద్రంగా దాచిపెట్టే ఇళ్ళు నేను చాలా చూశాను! మాటలు కచ్చితంగా వస్తాయని చెప్పలేను గానీ, కావలసింది అడగడం వస్తే అది చెప్పలేక పెట్టే పేచీ చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న: రోజుకు ఆరు గంటలు ఏబీఏ అనే ప్రవర్తన థెరపీ. బాబు గేటు దగ్గరే ఏడుపు అందుకుంటాడు. చేతులు ఆడించకుండా పట్టుకుని కూర్చోబెడతారట. నన్ను లోపలికి రానివ్వరు. గంటలు తగ్గిస్తే వెనకబడిపోతాడంటున్నారు.
- ఒక తల్లి, విజయవాడ

జవాబు: కొత్త చోట మొదట్లో ఏడవడం మామూలే. వారాలు గడిచినా అదే ఏడుపైనా, ఇంటికొచ్చాక నిద్రా తిండీ చెడినా, మీరు అనుమానించడంలో తప్పులేదు. తల్లిని లోపలికి రానివ్వకపోవడం, పిల్లాడి చేతులు పట్టేయడం, ఈ రెండూ నాకు నచ్చలేదు. చేతులు ఆడించడం చాలామంది పిల్లలు తమను తాము కుదుటపరచుకునే పద్ధతి, ఎవరికీ దెబ్బ తగలనంతవరకు ఆపక్కర్లేదు.

ఇక గంటల సంగతి. ఏబీఏకు వారానికి 40 గంటలన్న లెక్క 1987లో అమెరికాలో లోవాస్ అనే సైకాలజిస్టు 19 మంది పిల్లలకు ఆ థెరపీ ఇచ్చి చేసిన అధ్యయనం నుంచి వచ్చింది. ఆ పద్ధతిలో గద్దించడం, అప్పుడప్పుడూ తొడ మీద ఒకటి వేయడం కూడా ఉండేవి. ఇప్పుడు బాధ్యతగల థెరపిస్టులు ఆ పని చేయరు. గంటలు పెంచినకొద్దీ ఫలితం పెరుగుతుందని తర్వాత ఎవరూ గట్టిగా నిరూపించలేదు. పైగా తల్లికి నేర్పించినా ఫలితం ఉంటుంది. 2015లో ప్రచురించిన గోవా, రావల్పిండి అధ్యయనంలో స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలే ఇళ్ళకు వెళ్ళారు. తల్లి బిడ్డతో ఆడుకుంటుండగా వీడియో తీసి, ఆమెకే చూపిస్తూ నేర్పించారు. పిల్లలు తమంతట తాము తల్లిని పలకరించడం పెరిగింది. కాబట్టి గదిలో కూర్చుంటానని అడగండి. స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉందేమో చూడండి. మూడు నెలల్లో ఏం సాధిస్తారో 'చొక్కా తనే తొడుక్కోవడం' లాంటి మాటల్లో రాసిమ్మనండి. కాదంటే సెంటర్ మార్చండి.

ప్రశ్న: స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే ఆటిజం పోతుందని ఒకచోట చెప్పారు. పొలం బేరం పెట్టాను.
- ఒక తండ్రి, నల్గొండ

జవాబు: బేరం ఆపేయండి. బిడ్డ కోసం అమ్ముకుందామన్న మీ ఆరాటం నాకు అర్థమవుతుంది, కానీ ఆటిజానికి ఇది నిరూపితమైన వైద్యం కాదు. 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివి అనుమతి పొందిన పరిశోధనలోనే చేయాలి, అందులో చేరినవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఒంట్లోని లోహాలు తీసేస్తామనే చిలేషన్ జోలికీ వెళ్ళొద్దు, 2005లో అమెరికాలో అయిదేళ్ళ బాబు దానివల్ల ప్రాణమే పోగొట్టుకున్నాడు. డబ్బు ఇబ్బంది ఉంటే ముందు వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. దానితో నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో చేరితే ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చూ అందులో ఉంటుంది.

ప్రశ్న: నాకు 26 ఏళ్ళు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈమధ్యే ఆటిజం అని తేలింది. ఇప్పుడు థెరపీ మొదలుపెట్టాలా?
- పేరు రాయవద్దు

జవాబు: ఆటిజం కోసమని మీరు పరుగెత్తాల్సిన పనిలేదు. మీరు నిన్నటి మనిషే, కొత్తగా ఏమీ చెడిపోలేదు. ఆఫీసు రొదలో తల దిమ్మెక్కుతుంటే చెవులకు హెడ్‌ఫోన్లు, పక్కకు ఒక సీటు అడగండి. అడగడానికి వెనకాడకండి, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. రాత్రుళ్ళు నిద్ర పట్టకపోయినా, దిగులు రోజుల తరబడి వదలకపోయినా, చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా మాత్రం ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టును కలవండి, ఆటిజం సంగతి మొదటి మాటలోనే చెప్పండి.