ఎఫెక్టుల కన్నా ముందు కరెక్షన్

ఫొటోషాప్ నేర్చుకుందామని వచ్చే కుర్రాళ్లు మొదట అడిగేది ఎఫెక్టుల గురించే. ఆకాశం మార్చడం, వెనకభాగం మసకగా చేయడం, పొగా మెరుపులూ పెట్టడం. ఇవన్నీ యూట్యూబ్ చూసి కొద్ది రోజుల్లో పట్టేయొచ్చు. 2023లో జనరేటివ్ ఫిల్ వచ్చాక కొన్నిటికి అంత కష్టం కూడా అక్కర్లేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి ఊళ్లలో స్టూడియోవాళ్లకు కావాల్సింది కరెక్షన్ వచ్చిన మనిషి: వెలుతురు సరిచేసి, ఒంటి రంగు చెడకుండా చూసి, ప్రింటులో తేడా రాకుండా ఫైలు పంపేవాడు.

ఇక్కడ ఈ పనికి పెద్ద ఆధారం పెళ్లి ఆల్బమ్. జీలకర్ర-బెల్లం పెట్టే ఫొటో ఒకటి ముందు పెట్టుకోండి. స్టేజీ మీద ఊదారంగు ఎల్‌ఈడీ లైటు, ముఖాలకు పసుపు, మెడ నిండా బంగారం. కెమెరా రంగులు తప్పేది ఇక్కడే. రా ఫైల్‌ని కెమెరా రాలో తెరిచి, వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌తో తెల్లటి చోట నొక్కాలి. ఆ తెలుపు మధుపర్కాల మీద దొరుకుతుంది, పసుపు అంటని చోట. మీగడ రంగు పట్టుపంచె మీద నొక్కారా, ఫొటో మొత్తం నీలానికి తిరుగుతుంది. పెళ్లికొడుకు మీద ఒక లైటు, పెళ్లికూతురి మీద ఇంకో లైటు పడితే ఒక్క నొక్కుతో తేలదు. మాస్కులు వేసి ఎవరి ముఖం వాళ్లకు విడిగా సరిచేయాలి. నగల మీద వెలుగు పూర్తిగా తెల్లబారిపోతే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ ఆ నగిషీని వెనక్కి తేలేదు.

ఫొటోషాప్ 1990లో వచ్చింది. అంతకుముందు నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో ముడతలు దిద్దే రీటచర్లు ఉండేవారు, ఆ పని నేరుగా నెగెటివ్ మీదే జరిగేది. మనకు లేయర్లున్నాయి కాబట్టి అసలు ఫొటోను ముట్టుకోవద్దు. ఖాళీ లేయర్ తెరిచి, 'సాంపుల్ ఆల్ లేయర్స్' పెట్టుకుని హీలింగ్ బ్రష్ వాడండి. మొటిమ పోవాలి, పుట్టుమచ్చ ఉండాలి. కళ్ల కింది నలుపును ఇంకో లేయర్‌లో దిద్ది, దాని ఒపాసిటీ సగానికి దించితే ముఖం మైనపు బొమ్మలా కనిపించదు.

"అమ్మాయిని కొంచెం తెల్లగా చెయ్యి బాబూ" అని పెళ్లివారు అడగడం మామూలే. ముఖం మీద వెలుగు పెంచండి, రంగు జోలికి పోకండి. ముఖం ఒక రంగు, గోరింటాకు పెట్టిన చేతులు ఒక రంగు అయితే ఆల్బమ్ తెరవగానే చుట్టాలు పట్టేస్తారు.

ఇక ప్రింటు. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటుకు 300 డీపీఐ లెక్కన 10,800×3,600 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో అందుకు చాలదు. సైజు ఖాయమయ్యాకే షార్పెనింగ్ చేయండి. ఏ కలర్ ప్రొఫైల్ కావాలో ల్యాబువాళ్లను ముందే అడగండి.

పెళ్లిళ్లు లేని రోజుల్లో ఫ్లెక్సీలుంటాయి. రెండేళ్లకోసారి సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర వస్తుంది, ఎన్నికల సంగతి చెప్పనే అక్కర్లేదు. మిల్లుల ఊరు మిర్యాలగూడలో బియ్యం సంచుల డిజైన్ల కోసం కూడా అడిగి చూడొచ్చు. స్క్రీన్ మీద మెరిసే నీలాలు, చిలకాకుపచ్చలు సీఎంవైకే ఇంకులో చప్పబడతాయని ముందే తెలిసి ఉండాలి. తెలుగు ఒత్తులు విడిపోతుంటే టైప్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి. మండలి, రామరాజ, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. పాత షాపుల్లో అను ఫాంట్లతో కొట్టిన ఫైళ్లు ఎదురవుతాయి, ఆ ఫాంట్లతో టైపింగూ వచ్చి ఉంటే మంచిది.

ఫొటోషాప్ కొనే స్థోమత లేకపోతే బ్రౌజర్‌లో ఫొటోపియాతో మొదలుపెట్టండి, జింప్ కూడా ఉచితమే. దొంగ కాపీలు వద్దు, వాటితో వైరస్ దిగితే పోయేవి పెళ్లివారి ఫొటోలు. డిగ్రీ కావాలనుకుంటే ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో ఫొటోగ్రఫీలో బీఎఫ్‌ఏ ఉంది, నాలుగేళ్లు. ప్రవేశ పరీక్ష రాయాలి. చాలామందికి మాత్రం ఏదో ఒక స్టూడియోలో కుర్చీ దొరకడమే అసలు బడి.

స్టూడియోలో పని అడగడానికి వెళ్లేటప్పుడు ముందూ తర్వాతా పక్కపక్కన పెట్టిన ఫొటోలు ఓ పది తీసుకెళ్లండి. మీ ఇంటివాళ్లవి చాలు. ఊరివాళ్ల పెళ్లి ఫొటోలను అడగకుండా ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే ఆ వీధిలో మళ్లీ పని దొరకదు. షీటుకు ఎంత ఇస్తారు, మార్పులు ఎన్నిసార్లు చేయాలి అన్నది మొదటే మాట్లాడుకోండి. వైశాఖ, జ్యేష్ఠాల్లో స్టూడియో యజమానికి తల ఎత్తే తీరిక ఉండదు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, ఆల్బమ్‌లు మాత్రం గుట్టగా ఉంటాయి. అప్పుడు వెళ్లండి.